ప్రోగ్రామ్ అడిగిందే అడుగుతుంటే, ముందు ఎన్నిసార్లో లెక్కపెట్టండి

మా మేనల్లుడు గుంటూరు బ్రాడీపేటలో రూమ్ తీసుకుని డిప్లొమా చదువుతున్నాడు. నేనుండేది విజయవాడ పటమటలో. సీ భాషలో వాడు రాసే ప్రోగ్రాముల రిపేరంతా ఫోన్లోనే జరుగుతుంది. మొన్న రాత్రి తొమ్మిది దాటాక చేశాడు.

"మావయ్యా, నేనింకా ఏం కొట్టకముందే ఒక ప్రశ్న అడిగేసి, జవాబు కూడా అదే చెప్పేసుకుని ముందుకెళ్లిపోతోంది."

"స్క్రీన్ మీద ఉన్నది ఉన్నట్టు చదవరా."

"ఇంకో టిక్కీ ఉందా, టిక్కీ బరువు... రెండూ ఒకే లైన్లో పడ్డాయి."

వాళ్ల నాన్న, అంటే మా బావగారు, మిర్చి యార్డులో గుమాస్తా. అందుకని వీడు రాసే ప్రతి ప్రోగ్రామూ టిక్కీల చుట్టూనే తిరుగుతుంది. తెలియనివాళ్లకి: గుంటూరులో మిర్చి బస్తాని టిక్కీ అంటారు. ప్రోగ్రామ్ చేసే పని చిన్నదే. ఒక టిక్కీ బరువు అడుగుతుంది, దాన్ని మొత్తానికి కలుపుతుంది, "ఇంకో టిక్కీ ఉందా?" అంటుంది. ఎన్ అనే అక్షరం కొడితే ఆగి మొత్తం చూపిస్తుంది, ఇంకేం కొట్టినా మళ్లీ బరువు అడుగుతుంది. డూ వైల్ లూప్ (షరతు నిజమైనంతసేపూ అదే పని మళ్లీ మళ్లీ చేసేది), లోపల రెండు స్కాన్‌ఎఫ్‌లు (మనం కొట్టింది చదివే ఆదేశం). బరువుకి %డి, అంటే అంకె చదువు అని. జవాబుకి %సి, అంటే ఒక్క అక్షరం చదువు అని.

సీ నేర్చుకున్నవాళ్లలో ఈ గోతిలో పడనివాళ్లు దాదాపు ఉండరు. ఫోన్లో పట్టుకున్న పద్ధతినే ఇక్కడ వరసగా చెప్తాను. కోడ్‌ని కూడా ఫోన్లో చెప్పినట్టే చదివి చెప్తాను, మీరు ఎడిటర్లో మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసుకోండి.

ముందు కోడ్ మీద చెయ్యి వేయకండి

తప్పు కనిపించగానే అక్కడో గెట్‌చార్ (ఒక్క అక్షరం చదివే ఆదేశం), ఇక్కడో గెట్‌చార్ పెట్టి చూడటం అందరికీ ఉన్న అలవాటే. వద్దు. ప్రోగ్రామ్‌ని మళ్లీ రన్ చేసి ఒక కాగితం మీద రెండే రాయండి: మీరు ఏం కొట్టారు, దానికి ప్రశ్న ఎన్నిసార్లు పడింది. "ఏదో పిచ్చిపిచ్చిగా వస్తోంది" అన్నది ఎవరికీ పనికిరాదు. "ఒక అక్షరం కొట్టి ఎంటర్ కొడితే రెండుసార్లు అడిగింది" అంటే, కోడ్ చూడకుండానే సగం రోగం చెప్పొచ్చు.

ఈ లెక్క ఎంత పనికొస్తుందో చూడాలంటే ఐదు నిమిషాలు పెట్టి ఒక బుల్లి ప్రోగ్రామ్ రాయండి. ఒకే ప్రశ్న: "వై కొట్టండి లేదా ఎన్ కొట్టండి". %సి తో ఒక అక్షరం చదవాలి. అది చిన్న వై కానీ చిన్న ఎన్ కానీ కాకపోతే మళ్లీ అడగాలి. అంతే. ఇప్పుడు కావాలనే తప్పు జవాబివ్వండి. ఎక్స్ అని ఒక్క అక్షరం కొట్టి ఎంటర్ నొక్కితే ప్రశ్న ఇంకో రెండుసార్లు పడుతుంది. ఓకే అని రెండక్షరాలు కొడితే మూడుసార్లు. అక్షరాల లెక్కకి ఎప్పుడూ ఒకటి ఎక్కువ. ఆ ఎక్కువ వచ్చిన ఒకటీ మీ ఎంటర్‌దే.

ఇంకో సరదా పరీక్ష. లైనక్స్‌లోనో, ఫోన్లో ఉన్న టెర్మినల్లోనో తెలుగు కీబోర్డు పెట్టుకుని "అవును"లోని అ ఒక్కటే కొట్టి ఎంటర్ నొక్కండి. రెండుసార్లు కాదు, నాలుగుసార్లు అడుగుతుంది. మనకి అ ఒక్కటే అక్షరం. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని కంప్యూటర్ దాచుకునే పద్ధతి అది) మాత్రం గుణింతం, ఒత్తు లేని తెలుగు అక్షరం ఒక్కొక్కటి మూడు బైట్లు, %సి చదివేది ఒక్కో బైటే. మూడూ, ఎంటర్ ఒకటీ, నాలుగు. మా వాడు ఇది చూసి "మన భాష మీద కక్షా దీనికి?" అన్నాడు. కక్ష ఏం లేదు, సీ భాష 1970ల మొదట్లో పుట్టింది, యూటీఎఫ్-8 వచ్చింది 1992లో.

ప్రోగ్రామ్‌కి నిజంగా ఏం అందిందో చూడండి

లెక్క దొరికాక రెండో పని. మీరేం కొట్టారన్నది మీకు తెలుసు. ప్రోగ్రామ్‌కి ఏం చేరిందన్నది మీ ఊహ మాత్రమే. స్కాన్‌ఎఫ్ లైన్ కింద ఒక ప్రింట్‌ఎఫ్ (స్క్రీన్ మీద అచ్చు వేసే ఆదేశం) పెట్టి, చదివిన అక్షరాన్ని %సి తో కాకుండా %డి తో, స్క్వేర్ బ్రాకెట్ల మధ్య అచ్చు వేయించండి. అక్షరంగా చూపిస్తే ఎంటర్ కంటికి కనపడదు, ఖాళీ లైన్‌లా ఉండి మోసం చేస్తుంది. అంకెగా చూపిస్తే దాక్కోవడానికి చోటుండదు.

మా వాడి చేత అదే చేయించాను. బరువు 42 అని కొట్టి ఎంటర్ నొక్కాడు. "ఇంకో టిక్కీ ఉందా?" అన్న ప్రశ్న పక్కనే [10] అని పడింది, ఆ వెంటనే "టిక్కీ బరువు?" వచ్చేసింది.

"పది ఎక్కడిది మావయ్యా? నేను నలభై రెండే కొట్టాను."

మీ దగ్గర కూడా ఇలాంటి అంకెలే పడతాయి కాబట్టి నాలుగైదు గుర్తుపెట్టుకుంటే చాలు. చిన్న వై 121, చిన్న ఎన్ 110, పెద్ద వై 89, పెద్ద ఎన్ 78, ఖాళీ 32, ఎంటర్ 10. తెలుగు అ కొట్టినవాళ్లకి 224, 176, 133 అని వరసగా వస్తాయి. కొన్ని కంపైలర్లలో (మన కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చేవి) అవే మైనస్ 32, మైనస్ 80, మైనస్ 123గా కనిపిస్తాయి. చార్ అనే టైప్‌ని ఒక చోట మైనస్‌తో కలిపి లెక్కేస్తారు, ఇంకో చోట లేకుండా లెక్కేస్తారు. కంగారు పడకండి, రెండూ ఒకటే.

ఆ 10 ఎక్కడిది

కీబోర్డు మీద మీరు కొట్టింది కొట్టినట్టు ప్రోగ్రామ్‌కి వెళ్లదు. టెర్మినల్ ఒక లైన్ పూర్తయ్యేదాకా పట్టుకుని ఉంటుంది. ఎంటర్ కొట్టగానే మొత్తం ఒకేసారి పంపిస్తుంది, ఆ ఎంటర్‌తో సహా. అంటే 42 కొడితే చేరేవి మూడు: 4, 2, ఎంటర్.

%డి తో చదివే స్కాన్‌ఎఫ్ అంకెలు ఉన్నంతవరకూ తీసుకుంటుంది. అంకె కానిది రాగానే ఆగిపోతుంది, దాన్ని ముట్టుకోదు. ఎంటర్ అలాగే బఫర్‌లో, అంటే కొట్టినవి ప్రోగ్రామ్ చదివేదాకా ఆగి ఉండే చోట, ఉండిపోతుంది. తర్వాత %సి వస్తుంది. దానికి ఏ అక్షరమైనా అక్షరమే, ఎదురుగా ఉన్నదాన్ని తీసుకుని వెళ్లిపోతుంది. మీరు జవాబు చెప్పేదాకా ఆగాల్సిన అవసరమే దానికి రాలేదు. బావగారి భాషలో చెప్పాలంటే, కాటా మీద ముందు టిక్కీ తాలూకు బరువురాయి తీయకుండానే ఇంకో టిక్కీ తూచినట్టు.

ఇక్కడ అసలు గందరగోళం ఏమిటంటే, స్కాన్‌ఎఫ్‌లో అన్నీ ఒకేలా ప్రవర్తించవు. %డి, %ఎఫ్ (దశాంశ అంకెకి), %ఎస్ (పదానికి) మూడూ ముందున్న ఖాళీలనీ ఎంటర్లనీ దాటేసి అసలు సరుకు కోసం చూస్తాయి. %సి మాత్రం దాటదు. అందుకే ఐదు అంకెలు వరసగా చదివే ప్రోగ్రామ్ రాసినన్నాళ్లూ ఈ జబ్బు బయటపడదు. మొదటిసారి వై/ఎన్ ప్రశ్న పెట్టిన రోజే పడుతుంది.

ఇంకో అడుగు ముందుకెళ్దాం, ఎందుకంటే ప్రశ్న రెండుసార్లు పడటం చిన్న నష్టం. రెండు ప్రశ్నలూ ఒకే లైన్లో పడ్డాక మా వాడు మొదటి ప్రశ్నకి జవాబనుకుని వై కొట్టాడు. అప్పుడు ఎదురుచూస్తున్నది బరువు అడిగిన %డి. దానికి వై పనికిరాదు, చదవడం ఫెయిలైంది, బరువు వేరియబుల్‌లో పాత 42 అలాగే ఉంది. దాన్నే మళ్లీ మొత్తానికి కలిపింది. ఒక్క టిక్కీ తూస్తే లెక్క 84 అయింది. యార్డులో ఏ గుమాస్తా అయినా ఇలా రాస్తే మర్నాడు పనిలో ఉండడు.

ఒక్క ఖాళీ

మందు చాలా చిన్నది. స్కాన్‌ఎఫ్‌లో డబుల్ కోట్స్ తెరిచాక, పర్సెంట్ గుర్తుకి ముందు, ఒక్క స్పేస్ పెట్టండి. ఆ స్పేస్‌కి అర్థం "ఖాళీలు, ట్యాబులు, ఎంటర్లు ఎన్ని ఉన్నా దాటేసి ఆ తర్వాత చదువు" అని.

స్పేస్ ముందు పెట్టాలి, వెనక పెట్టకూడదు. %డి తర్వాత స్పేస్ పెట్టినా, బ్యాక్‌స్లాష్ ఎన్ (కొత్త లైన్ గుర్తు) పెట్టినా కొత్త తలనొప్పి మొదలవుతుంది. 42 కొట్టి ఎంటర్ కొట్టినా కదలదు. మళ్లీ ఎంటర్ కొట్టినా కదలదు. దాటేయడం ఎక్కడ ఆపాలో దానికి తెలియాలంటే ఖాళీ కానిది ఇంకేదో రావాలి, అది వచ్చేదాకా కూర్చుంటుంది. "సార్, హ్యాంగ్ అయింది" అని ల్యాబులో చెయ్యెత్తేవాళ్ల ప్రోగ్రాముల్లో ప్రింట్‌ఎఫ్ అలవాటుతో స్కాన్‌ఎఫ్‌లో కూడా బ్యాక్‌స్లాష్ ఎన్ పెట్టినవి చాలా చూశాను.

స్పేస్ పెట్టాక బుల్లి ప్రోగ్రామ్ మళ్లీ రన్ చేసి ఎక్స్ కొట్టండి, ఒక్కసారే అడుగుతుంది. ఓకే అని కొట్టి చూడండి, ఇప్పటికీ రెండుసార్లు. ఎంటర్ గొడవ పోయింది కానీ మిగిలిన అక్షరం గొడవ ఉంది. దానికి మందు, జవాబు చదివాక ఆ లైన్లో మిగిలిందంతా పారబోయడం. గెట్‌చార్‌తో ఒక్కొక్కటీ తీస్తూ, ఎంటర్ వచ్చేదాకా లేదా ఈఓఎఫ్ (ఇన్‌పుట్ అయిపోయిందనే గుర్తు) వచ్చేదాకా తిరిగే వైల్ లూప్ రాయండి. లోపల ఏమీ ఉండదు, సెమీకోలన్ మాత్రమే.

ఆ లూప్‌లో రెండు జాగ్రత్తలు. గెట్‌చార్ ఇచ్చేది ఇంట్ (నిండు అంకెల టైప్), దాన్ని చార్‌లో పెట్టొద్దు. ఈఓఎఫ్ అనేది మైనస్ అంకె, మామూలుగా మైనస్ 1. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే ఏఆర్ఎమ్ ప్రాసెసర్ల మీద మామూలుగా చార్ మైనస్ పట్టదు. చార్‌లో పెడితే ఈఓఎఫ్ ఎప్పటికీ దొరకదు, లూప్ ఆగదు. రెండోది, ఈఓఎఫ్ షరతు మానేసి ఎంటర్ కోసం మాత్రమే చూస్తే, ఇన్‌పుట్ అయిపోయిన రోజున ఇదే లూప్ మిమ్మల్ని ముంచుతుంది.

ఎఫ్‌ఫ్లష్ చిట్కా గురించి

"ఇంత ఎందుకండీ, ఎఫ్‌ఫ్లష్ బ్రాకెట్లో ఎస్‌టీడీఇన్ (కీబోర్డు నుంచి వచ్చే ఇన్‌పుట్) అని పెడితే పోతుంది కదా" అని మీలో కొందరు ఇప్పటికే అనుకుంటూ ఉంటారు. నేనూ అలాగే నేర్చుకున్నాను. మా రోజుల్లో ల్యాబంతా టర్బో సీ నీలం స్క్రీన్లే. అక్కడ అది పనిచేసేది. ఎందుకు పనిచేస్తుందో అడిగినవాళ్లు లేరు, చెప్పినవాళ్లూ లేరు, అంత్రం కట్టినట్టు ప్రతి స్కాన్‌ఎఫ్ ముందూ కట్టేవాళ్లం.

తర్వాత ఉద్యోగం కోసం ఒక కంపెనీ పెట్టిన కంప్యూటర్ పరీక్షకి వెళ్లాను. అక్కడున్నది లైనక్స్. రాసిన లెక్క కరెక్టే, లాజిక్ కరెక్టే. ప్రశ్న మాత్రం రెండేసి సార్లు పడుతోంది. ఎఫ్‌ఫ్లష్ పెట్టాను, పోలేదు. ఇంకోటి పెట్టాను. మూడు పెట్టాను. టెన్షన్‌లో మిగతా ప్రశ్నలు చదవనేలేదు. ఆ ఉద్యోగం రాలేదని వేరే చెప్పక్కర్లేదు. తప్పు నాదే. సీ స్టాండర్డ్‌లో ఎఫ్‌ఫ్లష్ పని బయటికి వెళ్లే అవుట్‌పుట్‌ని తోయడం. ఇన్‌పుట్ మీద వాడితే ఏం జరుగుతుందో స్టాండర్డ్ మాట ఇవ్వలేదు. ఒక కంపైలర్లో పనిచేస్తుంది, ఇంకో దాంట్లో ఊరుకుంటుంది.

ఎఫ్‌ఫ్లష్ ఎస్‌టీడీఅవుట్ (స్క్రీన్ మీదికి వెళ్లే అవుట్‌పుట్) అన్నది మాత్రం సక్రమమైనదే. ఎక్లిప్స్ లాంటి కొన్ని ఎడిటర్లలో ప్రశ్నలు కనపడకుండా దాక్కుని, ప్రోగ్రామ్ అయిపోయాక అన్నీ గుంపుగా వస్తాయి. అడిగిందే అడిగినట్టు కనిపిస్తుంది కానీ నిజానికి ఆలస్యంగా అచ్చయ్యాయంతే. ప్రింట్‌ఎఫ్ తర్వాత అది పెడితే సర్దుకుంటుంది.

42.5 కొట్టి చూడండి

మా వాడి ప్రోగ్రామ్‌లో స్పేస్ పెట్టించాను. బాగానే నడిచింది. "అయిపోయింది మావయ్యా, థ్యాంక్స్" అని పెట్టేయబోయాడు. ఆగరా, యార్డులో టిక్కీ బరువు ఎప్పుడూ నిండు కిలోలే ఉంటుందా, అరకిలో కొట్టి చూడు అన్నాను. 42.5 కొట్టాడు.

"ఇంకో టిక్కీ ఉందా? టిక్కీ బరువు? ఇంకో టిక్కీ ఉందా?" ఒక్క ఎంటర్‌కి మూడు ప్రశ్నలు వరసగా పడ్డాయి.

ఈసారి వాడి చేతే లెక్క చెప్పించాను, మీరు కూడా చదవడం ఆపి ఒక్క నిమిషం ఆలోచించండి. బఫర్‌లోకి వచ్చినవి 4, 2, చుక్క, 5, ఎంటర్. %డి కి 42 దక్కింది, చుక్క దగ్గర ఆగింది. %సి చుక్కని తీసుకుంది. చుక్క ఎన్ కాదు కదా, లూప్ మళ్లీ తిరిగింది. %డి కి 5 దొరికింది, కొత్త టిక్కీ బరువు ఐదు కిలోలని లెక్కేసింది. తర్వాతి %సి ఎంటర్‌ని దాటేసి, అప్పుడు ఆగింది. మొత్తం 47. ప్రోగ్రామ్ ఏ ఎర్రరూ చూపించలేదు. నాకు ఎక్కువ భయం ఇలాంటివంటేనే. ప్రశ్న అదనంగా పడటం మనకి దొరికిన అదృష్టం, అది లేకపోతే ఈ ఐదు కిలోల దొంగ టిక్కీ ఎవరికీ కనిపించదు.

దీనికి మొదటి మందు అందరికీ తెలిసిందే: బరువుని ఇంట్‌గా కాకుండా డబుల్‌గా (దశాంశం పట్టే టైప్) పెట్టి %ఎల్ఎఫ్ తో చదవడం. అది చాలదు. రేపు ఎవరో 42కేజీ అని కొడతారు. అక్షరాలు మళ్లీ తర్వాతి ప్రశ్నకి జవాబులైపోతాయి. స్కాన్‌ఎఫ్‌తో నేరుగా మనిషి దగ్గర చదివించడం ఇక్కడ మానేయడమే నయమని నా అభిప్రాయం.

దాని బదులు ఇలా చేయండి. వంద అక్షరాలు పట్టే ఒక చార్ అర్రే (అక్షరాల వరస) తీసుకోండి. ఎఫ్‌గెట్స్‌తో లైన్ మొత్తం అందులోకి చదవండి. ఎంటర్ కూడా అందులోకే వచ్చేస్తుంది కాబట్టి బఫర్‌లో ఏమీ మిగలదు. ఆ అర్రేలో నుంచి ఎస్‌స్కాన్‌ఎఫ్‌తో బరువు తీయండి. తీసేటప్పుడు ఫార్మాట్‌లో %ఎల్ఎఫ్, ఒక స్పేస్, %సి అని రాసి, %సి కోసం "అదనం" అని ఒక చార్ వేరియబుల్ ఇవ్వండి. ఎస్‌స్కాన్‌ఎఫ్ ఎన్ని చదవగలిగిందో ఆ అంకె తిరిగి ఇస్తుంది. 1 వస్తే బరువు మాత్రమే ఉంది, ఒప్పుకోండి. 2 వస్తే బరువు వెనక చెత్త ఉంది, మళ్లీ అడగండి. 0 వస్తే అంకె అసలే లేదు. మైనస్ 1 వస్తే ఖాళీ ఎంటర్ కొట్టారు. లైన్ లైన్‌గా చదువుతున్నారు కాబట్టి, ఎవరు ఏం కొట్టినా ఒక్క ఎంటర్‌కి ఒక్క ప్రశ్నే పడుతుంది. అర్రేలో పట్టనంత పొడుగు లైన్ కొడితే తప్ప. అలాంటివాళ్ల కోసం పైన చెప్పిన పారబోసే లూప్ ఉంది.

ఎఫ్‌గెట్స్ బదులు ఉత్త గెట్స్ వాడమని పాత నోట్సులో ఉంటే ఆ పేజీ మడిచేయండి. ఎంత పొడుగు లైన్ వచ్చినా ఆగకుండా పక్క మెమరీలోకి రాసేస్తుందని 2011 సీ స్టాండర్డ్‌లో దాన్ని తీసేశారు.

ఆగకుండా అడుగుతుంటే

రెండుసార్లు, మూడుసార్లు అన్నది ఒక జాతి. స్క్రీన్ నిండా జలపాతంలా ప్రశ్నలు పడుతుంటే అది ఇంకో జాతి. ముందు కంట్రోల్ సీ కొట్టి ఆపండి.

దీనికి కారణాలు రెండే. "బరువు సున్నా కంటే ఎక్కువ అయ్యేదాకా అడుగు" అని లూప్ రాసి, లోపల %డి ఒక్కటే పెట్టారనుకోండి. ఎవరో అంకె బదులు అక్షరం కొట్టారు. %డి దాన్ని తీసుకోలేదు, అక్కడే వదిలేసింది. లూప్ తిరిగింది, మళ్లీ అదే అక్షరం ఎదురైంది. గుమ్మం దగ్గర కూర్చున్న అప్పులవాడిలా ఎన్నిసార్లు తలుపు తీసినా ఆయనే. స్కాన్‌ఎఫ్ తిరిగిచ్చే అంకెని పట్టుకుని, అది 1 కాకపోతే ఆ లైన్ పారబోసి అప్పుడు మళ్లీ అడగాలి.

రెండోది ఇన్‌పుట్ అయిపోవడం. ఫోన్లో ఆన్‌లైన్ కంపైలర్లు వాడేవాళ్లకి ఇది తరచూ జరుగుతుంది. చాలా వాటిలో ఇన్‌పుట్ అంతా ముందే ఒక పెట్టెలో రాసి పెట్టాలి. పెట్టె ఖాళీగా వదిలేస్తే స్కాన్‌ఎఫ్ మైనస్ 1 ఇస్తూనే ఉంటుంది, లూప్ తిరుగుతూనే ఉంటుంది, చివరికి టైమ్ అయిపోయిందని సైటే ఆపేస్తుంది. ఈ రెండూ వేరని చెప్పే గుర్తు ఆ తిరిగొచ్చిన అంకే: 0 అయితే చెత్త అడ్డుపడింది, మైనస్ 1 అయితే ఇన్‌పుటే లేదు. మైనస్ 1 వచ్చినప్పుడు మళ్లీ అడగకండి, లూప్ నుంచి బయటికొచ్చేయండి. మీ కంప్యూటర్ మీదే పరీక్షించాలంటే లైనక్స్‌లో కంట్రోల్ డి, విండోస్‌లో కంట్రోల్ జెడ్ కొట్టి ఎంటర్.

పైథాన్‌లో అయితే

పైథాన్ ఇన్‌పుట్ లైన్ మొత్తం తీసుకుంటుంది, ఎంటర్‌ని తనే తీసేస్తుంది. కాబట్టి పైన చెప్పిన మిగులు గొడవలేవీ ఉండవు. అక్కడ పునరావృతమంతా షరతుల్లో ఉంటుంది. గుర్తు ఏమిటంటే, ఒక్క ఎంటర్‌కి ఒక్క ప్రశ్నే పడుతుంది, కానీ సరైన జవాబిచ్చినా వదలదు.

అన్నిటికంటే ఎక్కువ కనిపించేది ఇది: "జవాబు వై కాకపోతే లేదా జవాబు ఎన్ కాకపోతే మళ్లీ అడుగు". తెలుగులో చదివితే సబబుగానే ఉంది, అదే మాయ. వై కొట్టారనుకోండి, అది ఎన్ కాదు కదా, షరతు నిజం. ఎన్ కొడితే అది వై కాదు, మళ్లీ నిజం. ఏ అక్షరమూ ఒకేసారి రెండూ కాలేదు కాబట్టి ఎప్పటికీ నిజమే. ఆర్ (లేదా) తీసి యాండ్ (మరియు) పెట్టండి. ఇలాంటి "కాదు"ల లెక్కకి నియమం చెప్పిన డి మోర్గాన్ ఇంగ్లీషాయనే అయినా పుట్టింది 1806లో మన పక్కనే, మదురైలో.

రెండోది, ఇఫ్‌లో ఒకసారి, ఎలిఫ్‌లో ఒకసారి ఇన్‌పుట్‌నే పిలవడం. వై కొడితే బాగానే ఉంటుంది, ఎన్ కొడితే రెండోసారి అడుగుతుంది. ఇన్‌పుట్ అని రాసిన ప్రతిచోటా అది కొత్తగా అడుగుతుంది. ఒక్కసారి పిలిచి వేరియబుల్‌లో పెట్టుకుని, తర్వాత ఆ వేరియబుల్‌నే ఎన్నిసార్లైనా పోల్చుకోండి.

మూడోది, మెనూలో 1 కొట్టినా "తప్పు ఎంపిక" అనడం. ఇన్‌పుట్ ఇచ్చేది అక్షరాల 1, మీరు పోలుస్తున్నది అంకె 1. రెండూ సమానం కావు. ఇక్కడ కూడా చూసే పద్ధతి ఉంది: రెప్ర్ అనే ఫంక్షన్‌తో అచ్చు వేయిస్తే కోట్స్‌తో సహా కనిపిస్తుంది, వెనక స్పేస్ ఉంటే అదీ తెలుస్తుంది. ఫోన్ కీబోర్డులు పదం తర్వాత తమంతట తామే స్పేస్ కలిపేస్తాయి, మొదటి అక్షరాన్ని పెద్దది చేసేస్తాయి. స్ట్రిప్ (అంచుల్లో ఖాళీలు తీసేది), లోయర్ (అక్షరాల్ని చిన్నవి చేసేది) రెండూ పెట్టేయండి. అన్నట్టు, పైథాన్ ఇంట్ ఫంక్షన్‌కి తెలుగు అంకెలు ౪౨ ఇచ్చినా 42 అనే చదువుకుంటుంది. సీకి లేని మర్యాద.

వైల్ ట్రూ లోపల ట్రై పెట్టి, ఎక్సెప్ట్ అని ఉత్తగా వదిలేయడం మాత్రం చేయకండి. అది కంట్రోల్ సీని కూడా ఎర్రర్ కిందే పట్టుకుని మళ్లీ ప్రశ్న అడుగుతుంది. ఆపలేక టెర్మినల్ కిటికీనే మూసేయాల్సి వస్తుంది. ఎక్సెప్ట్ వేల్యూఎర్రర్ అని పేరు పెట్టి పట్టుకోండి.

జావా వాళ్లకి రెండు మాటలు. నెక్స్ట్‌ఇంట్ తర్వాత నెక్స్ట్‌లైన్ పెడితే పేరు అడిగి ఆగకుండా వెళ్లిపోతుంది, పాత ఎంటరే కారణం. అన్నీ నెక్స్ట్‌లైన్‌తోనే చదివి ఇంటీజర్ డాట్ పార్స్‌ఇంట్‌తో మార్చుకోండి. ఎక్సెప్షన్ పట్టుకున్నాక ఆగకుండా తిరుగుతుంటే, తప్పు పదం ఇంకా స్కానర్‌లోనే ఉంది, నెక్స్ట్ అని ఒకసారి పిలిచి తీసేయండి. సీ ప్లస్ ప్లస్‌లో సీఇన్ ఒకసారి ఫెయిలైతే అలిగి కూర్చుంటుంది, తర్వాత ఏదీ చదవదు. ముందు క్లియర్, తర్వాత ఇగ్నోర్. వరస తిరగేస్తే ఇగ్నోర్ కూడా పనిచేయదు.

చివర్లో పరీక్ష

పోయిందనుకున్న తప్పు పోయిందో లేదో మళ్లీ లెక్కతోనే తేల్చండి. ప్రతిసారీ చేత్తో కొట్టడం విసుగు కాబట్టి, ఒక టెక్స్ట్ ఫైల్‌లో ఒక్కో లైన్లో ఒక్కో జవాబు రాసి పెట్టుకోండి: మామూలు 42, తర్వాత వై, తర్వాత 42.5, ఒక ఖాళీ లైన్, ముందు రెండు స్పేసులతో ఒక అంకె, 42కేజీ, ఒక ఉత్త అక్షరం, పెద్ద ఎన్. టెర్మినల్లో ప్రోగ్రామ్ పేరు తర్వాత లెస్ దాన్ గుర్తు, ఆ తర్వాత ఫైల్ పేరు ఇస్తే కీబోర్డు బదులు ఆ ఫైల్ నుంచే చదువుతుంది. మీరు కొట్టే ఎంటర్లు స్క్రీన్ మీద ఉండవు కాబట్టి ప్రశ్నలన్నీ ఒకదానికొకటి అంటుకుని కనిపిస్తాయి, భయపడకండి. ఫైల్‌లో ఎన్ని లైన్లు చదివిందో అన్నే ప్రశ్నలు ఉండాలి, ఎన్ జవాబు అందకుండానే ఫైల్ అయిపోతే మాత్రం చివర ఒకటి ఎక్కువ పడుతుంది. ఫైల్ అయిపోయాక ప్రోగ్రామ్ ఆగాలి, జలపాతం మొదలవకూడదు.

మా వాడి ఫైల్‌లో పదకొండు లైన్లు, ప్రశ్నలు పదకొండు, మొత్తం కరెక్ట్. కాలేజీ ల్యాబులో లైనక్స్ మీద గెట్‌చార్‌తో రాసిన పాత ప్రోగ్రామ్‌కి అదే ఫైల్ ఇస్తే మాత్రం ప్రతి లైన్ చివరా 10కి ముందు 13 కనిపించిందట, ప్రశ్న ఇంకోటి ఎక్కువ పడిందట. ఇంట్లో విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసిన ఫైల్ అది. విండోస్‌లో లైన్ చివర 13, 10 రెండూ ఉంటాయి. ఫైల్‌ని లైనక్స్‌లోనే మళ్లీ టైప్ చేయమన్నాను.